మానసిక వైద్యంలో మూడవ మనిషి: మన జిల్లాలో వెతకడం ఎట్లా?

(మైనారిటీ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో స్కాలర్‌షిప్పుల గురించీ, స్వయం ఉపాధి రుణాల గురించీ మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ప్రభుత్వ కార్యాలయంలో 34 సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసి బయటపడినవారికి ఆ విషయాలు అప్పగించడం సహజమే. అయితే వాటిని మాకంటే చక్కగా చెప్పగలవారు ఈ వేదికపై మరో ఇద్దరున్నారు. అందుచేత మేము బతిమాలి వేరొక విషయం తీసుకున్నాము. ఇంట్లో ఒకరికి మనసు చెదిరినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆ వెళ్లిన చోట కూర్చున్న మనిషికి అర్హత ఉన్నదో లేదో ఎట్లా తెలుసుకోవాలి? ఇదే ఈ రోజు మా విషయం. మేము అంటే మా మొహల్లా సేవా కమిటీలోని ఐదుగురం, అందరమూ పింఛనుదారులమే. చెప్పబోయేదానిలో మొదటి భాగం మేము చేసిన తప్పు గురించి. దానిని దాచిపెట్టి మిగతాది చెబితే మీరు మమ్మల్ని నమ్మనవసరం లేదు.

మా వీధిలో ఒక దర్జీ కుటుంబం ఉన్నది. పెద్దకొడుకు బి.కాం. చదివాడు. 22వ ఏట అతనికి నిద్ర కరవైంది. రాత్రంతా మేడమీద పచార్లు చేసేవాడు. ఇరుగుపొరుగువారు తన ఫోనులో చేరి తన ఆలోచనలు వింటున్నారనేవాడు. ఒకనాడు ఆ ఫోనును నీళ్ల బకెట్లో ముంచాడు. సాయా పడిందని నానమ్మ, నజర్ తగిలిందని మేనత్త, ఎవరో చేయించారని వీధివారు అన్నారు. దర్గాలో వరుసగా 11 గురువారాలు నిద్ర చేయించారు. ఒక ఆమిల్ గారి తావీజులకూ, ఊదిన నీళ్లకూ తల్లి చేతి గాజులు రెండు కరిగిపోయాయి. చివరకు ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లి మాత్రలు తెచ్చుకున్నారు. మాత్రలతో నిద్ర పట్టింది. కాని పిల్లవాడు మత్తుగా ఉంటున్నాడని, లావెక్కుతున్నాడని, ఇది ఎన్నాళ్లు మింగాలో తెలియదని ఇంట్లో దిగులు. డాక్టరు గారి దగ్గర వంద మంది వరుస. మనిషికి ఐదు నిమిషాలు. అడగవలసినవి అడగకుండానే బయటికి రావడం. ఆ దశలో తండ్రి మా దగ్గరికి వచ్చి, "భాయ్‌సాబ్, ఎవరైనా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లుంటే చూపించండి" అన్నాడు.

ఆ అడిగినదానిలో ఎంత తెలివి ఉన్నదో మాకు అప్పుడు బోధపడలేదు. అతడు అడిగింది ఒక ప్రత్యేకమైన వృత్తిలో ఉన్న మనిషిని. ఆ వృత్తికి పేరున్నది, చదువున్నది, చట్టంలో నిర్వచనమున్నది. మాకు అవేవీ తెలియవు. బజారులో ఒక మేడమీద "సైకాలజిస్ట్ అండ్ క్లినికల్ సోషల్ వర్కర్" అని బోర్డు కనిపిస్తే అక్కడికి పంపించాము. గోడమీద అద్దం బిగించిన సర్టిఫికెట్లు నాలుగు ఉన్నాయి. కూర్చుంటే 800 రూపాయలు. మూడు నెలల్లో 11 సార్లు కూర్చున్నారు. ఆరోసారో ఏడోసారో ఆ పెద్దమనిషి, "మాత్రలు నరాలను బలహీనపరుస్తాయి, ఆపేయండి, మనోబలంతో బాగుచేస్తాను" అన్నాడట. ఆపేశారు. నెల తిరగకముందే పిల్లవాడు ఒక రాత్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. నాలుగవ నాడు ఒక రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం మీద, చెప్పులు లేకుండా, పెదవి చిట్లి దొరికాడు.

తరువాత వెళ్లి ఆ గోడమీది కాగితాలను చదివాము. ఒకటి ఉత్తరాల ద్వారా మూడు నెలలు చదివిన డిప్లొమా. మిగిలిన మూడూ సన్మాన పత్రాలు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇతరుల సర్టిఫికెట్లను అసలు ప్రతితో సరిచూసి, సీలు గుండ్రంగా పడిందా లేదా అని వెలుతురులో పట్టుకుని చూసిన చేతులు ఇవి. ఒక బిడ్డ ప్రాణానికి సంబంధించిన కాగితాన్ని మాత్రం చదవలేదు. బోర్డు చూసి పంపించాము.

ఇక ఆ వృత్తి ఏమిటో చెబుతాము.

మానసిక వైద్యంలో మనకు కనబడే మొదటి మనిషి సైకియాట్రిస్టు. ఎం.బి.బి.ఎస్. పైన మానసిక వైద్యం చదివినవారు. మందు రాసే అధికారం ఉన్నవారు. రెండవవారు క్లినికల్ సైకాలజిస్టు. పరీక్షలు చేసి, మాటల ద్వారా చికిత్స చేసేవారు. మూడవవారే సైకియాట్రిక్ సోషల్ వర్కర్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ మూడవ మనిషిని స్పష్టంగా నిర్వచించింది: సోషల్ వర్క్‌లో పోస్ట్‌గ్రాడ్యుయేషన్, దానిపైన సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఎం.ఫిల్.; ఆ ఎం.ఫిల్. రెండేళ్లు పూర్తికాలం, పర్యవేక్షణలో రోగుల మధ్య శిక్షణతో సహా చదివినదై ఉండాలి. అంటే డిగ్రీ తరువాత నాలుగేళ్ల చదువు. ఉత్తరాల డిప్లొమా ఇందులో ఎక్కడా ఇమడదు. ఎం.ఎస్.డబ్ల్యు. మాత్రమే చదివినవారు కూడా ఈ నిర్వచనంలోకి రారు. అట్లాగని వారు పనికిరారని మేము అనడం లేదు. అనేక ఆసుపత్రుల్లో, వ్యసన విముక్తి కేంద్రాల్లో వారే పని నడిపిస్తున్నారు. కాని పేరు పేరే, అర్హత అర్హతే.

అమెరికాలో బంధువులున్న కుటుంబాలు ఇక్కడ కొన్ని ఉన్నాయి. అక్కడ "లైసెన్స్‌డ్ క్లినికల్ సోషల్ వర్కర్" అనే మాట వారు విని ఉంటారు. అక్కడ ఆ లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వపు బోర్డు. ఎం.ఎస్.డబ్ల్యు. తరువాత పర్యవేక్షణలో పనిచేసి, పరీక్ష రాసి ఆ లైసెన్సు పొందాలి. ఎవరైనా సరే బోర్డు వెబ్‌సైటులో పేరు కొట్టి లైసెన్సు నడుస్తున్నదో లేదో చూసుకోవచ్చు. ఆ మాట మన బజారుల్లోకి కూడా వచ్చింది, లైసెన్సు మాత్రం రాలేదు. 2021లో మన పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన షెడ్యూలులో క్లినికల్ సోషల్ వర్కర్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మెడికల్ సోషల్ వర్కర్ అనే మూడు పేర్లనూ చేర్చింది. కనుక ఎవరైనా తమ బోర్డుమీద ఆ మాట రాసుకుంటే, "ఎవరి రిజిస్టరులో మీ పేరున్నది, నంబరెంత?" అని అడిగే హక్కు మనకున్నది. అడిగితే కోపం వచ్చే మనిషి దగ్గర కూర్చోనవసరం లేదు.

ఆ రిజిస్టరు సంగతి ఇక్కడే చెప్పాలి. మేము గుమాస్తాలం కాబట్టి చట్టంలో ఈ భాగమే మాకు ఎక్కువగా నచ్చింది. 2017 చట్టం 55వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ తన రాష్ట్రంలోని క్లినికల్ సైకాలజిస్టులను, మానసిక వైద్య నర్సులను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను రిజిస్టరు చేయాలి. చేసి ఊరుకోవడం కాదు, ఆ జాబితాను ప్రచురించాలి. ఆంధ్రప్రదేశ్‌కు ఒక సంస్థ, తెలంగాణకు ఒక సంస్థ. క్లినికల్ సైకాలజిస్టులకైతే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషను కూడా ఉంటుంది. ఈ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. ఆ పెద్దమనిషి బోర్డు కింద మేము నిలబడిన నాటికే ఈ చట్టం ఉన్నది. మేమే చదవలేదు.

మళ్లీ ఆ పిల్లవాడి సంగతికి వస్తాము. స్టేషను నుండి తీసుకువచ్చిన మరునాడు అతనిని ప్రభుత్వ బోధనాసుపత్రికి తీసుకువెళ్లాము. సైకియాట్రీ విభాగంలో చేర్చుకున్నారు. మందులు మళ్లీ మొదలయ్యాయి. మూడవ రోజున ఒక అమ్మాయి, ముప్ఫై ఏళ్లలోపే ఉంటుంది, వచ్చి తల్లిని పక్క గదిలోకి పిలిచింది. ఆమే సైకియాట్రిక్ సోషల్ వర్కర్. గంటకు పైగా కూర్చున్నది. జబ్బు గురించి మొదట అడగలేదట. "అమ్మీ, మీరు సరిగా పడుకుని ఎన్నాళ్లయింది?" అని అడిగిందట. ఆ తల్లి రెండేళ్లుగా ఎవరూ అడగని ఆ ప్రశ్నకు ఏడ్చేసింది. తరువాత ఇంట్లో ఎందరు, సంపాదన ఎంత, అప్పు ఎవరిది, పిల్లవాడితో ఎవరు ఏ స్వరంతో మాట్లాడతారు, జబ్బుకు ముందు అతనికి ఏమిటిష్టం, బంధువుల్లో ఎవరికైనా ఇట్లా ఉండేదా, అన్నీ ఒక కాగితంమీద చెట్టులాగా గీసుకున్నది.

తండ్రిని ఇంకొకనాడు పిలిచింది. కొడుకు లేచినప్పుడల్లా "ఎప్పుడు బాగవుతావురా, నీ ఈడువాళ్లు ఉద్యోగాలు చేస్తున్నారు" అనడం ఆయన అలవాటు. ప్రేమతోనే అనేవాడు. ఎత్తిపొడుపులు ఎక్కువగా ఉండే ఇళ్లలో ఈ జబ్బు త్వరగా తిరగబెడుతుందని పరిశోధనల్లో తేలిందని, ఇంటివారికి జబ్బు గురించి నేర్పిన చోట తిరగబెట్టడం తగ్గిందని ఆమె ఆయనకు వివరించింది. దర్జీకి అర్థమయ్యే మాటల్లో చెప్పిందట: "కుట్టు ఊడిన చోట గుడ్డను లాగుతూ ఉంటే ఏమవుతుంది?" అని. దర్గా సంగతి తల్లే భయపడుతూ బయటపెట్టింది. ఆ అమ్మాయి నవ్వలేదు, తిట్టలేదు. "దువా మానకండి, మాత్ర కూడా మానకండి. రాత్రి జాగారం మాత్రం పిల్లవాడికి వద్దు, నిద్ర అతనికి మందు" అన్నది. లావెక్కడం గురించి డాక్టరు గారితో మాట్లాడి మందు మార్పించింది. ఇది గమనించండి: ఆమె మందు రాయలేదు, ఆపమనలేదు. ఆమె వృత్తికి ఆ అధికారం లేదు. ఆ హద్దు తెలిసి ఉండటమే నిజమైన సోషల్ వర్కరుకు మొదటి గుర్తు అని మేము ఇప్పుడు అనుకుంటాము.

ఇది జరిగి నాలుగేళ్లు. పిల్లవాడు పూర్తిగా బాగయ్యాడని చెప్పం. మేనమామ జిరాక్సు కొట్టులో పూటపని చేస్తాడు. మాటలు తక్కువ. మధ్యలో ఒకసారి తిరగబెట్టింది, కాని ఇంటివారు వారం ముందే, నిద్ర తగ్గినప్పుడే, గుర్తుపట్టి తీసుకువెళ్లారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక జబ్బును కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్లు సర్టిఫికెట్టు ఉంటే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ సోషల్ వర్కరు కాగితాలన్నీ సిద్ధం చేయించింది. తండ్రి సంతకం పెట్టలేదు. ఇంట్లో పెళ్లికి ఎదిగిన కూతురున్నది, కొడుకు పేరుతో ఆ సర్టిఫికెట్టు ఉంటే సంబంధాలు రావని ఆయన భయం. మేము నచ్చజెప్పబోయాము. ఆమె మమ్మల్ని ఆపింది. "అది ఆయన తీసుకోవలసిన నిర్ణయం సార్" అన్నది. ఆ ఫైలు మా బీరువాలోనే ఉన్నది.

మన సమాజంలో ఈ విషయం ఇంత ఆలస్యంగా ఎందుకు మాట్లాడుకుంటున్నామో ఒక్క క్షణం ఆలోచించాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, దర్గాకు వచ్చే రోగులను ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకున్నది. రోగులను గొలుసులతో కట్టేసి ఉంచారు. పారిపోలేక 28 మంది చనిపోయారు. ఆ కుటుంబాలు తమవారిని చంపడానికి పంపలేదు. వేరే దారి చూపేవారు లేక పంపాయి. అక్కడికి వెళ్లినవారు ముస్లింలు మాత్రమే కాదు, అన్ని మతాలవారూ. ఈనాటి చట్టం 95వ సెక్షన్ మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. సొంత ఇంట్లోనే ఒకరిని హింసిస్తున్నా, పట్టించుకోక వదిలేసినా పోలీసు స్టేషను అధికారి మేజిస్ట్రేటుకు నివేదించాలని 101వ సెక్షన్ చెబుతున్నది. ఈ సభలో ఎవరి ఇంటి వెనుక గదికైనా బయట గడియ ఉంటే, మేము పోలీసుల పేరెత్తి భయపెట్టడానికి రాలేదు. ఆ గడియ తీయడానికి సహాయం చేసే మనిషి ఒకరున్నారని చెప్పడానికి వచ్చాము.

దర్గాలను, ఆలిములను పక్కకు నెట్టి ఈ పని జరగదు. గుజరాత్ మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008 నుండి "దవా-దువా" అనే పథకం నడిచింది. జియారత్‌కు వచ్చిన రోగులను ముజావర్లే అక్కడే ఉన్న మానసిక వైద్య బృందం దగ్గరికి పంపేవారు. ముజావర్ చెబితే కుటుంబం నమ్ముతుంది. డాక్టరు చెబితే ఇంకా ఆలోచిస్తుంది. మన జిల్లాల్లోని దర్గా కమిటీలు ఈ పని ఎందుకు చేపట్టకూడదో మాకు అర్థం కాదు. పదవ శతాబ్దపు ముస్లిం వైద్యుడు అబూ జైద్ అల్-బల్ఖీ శరీరాల, ఆత్మల పోషణ గురించి ఒకే గ్రంథం రాశాడు. దేహానికి జబ్బు చేసినట్లే మనసుకూ చేస్తుందని వాదించాడు. ఇది మనకు పరాయి విద్య అనేవారికి ఆ పేరు చెప్పండి. యూనానీలో నఫ్సియాత్‌కు సంబంధించిన మొఆలిజాత్ పోస్ట్‌గ్రాడ్యుయేషన్ చేసినవారిని కూడా 2017 చట్టం మానసిక ఆరోగ్య నిపుణులుగా గుర్తించింది. ఇది చాలామంది హకీములకే తెలియదు.

సరే, వెతకడం ఎట్లా? మేము తిరిగిన వరుసలోనే చెబుతాము.

మొదట మీ జిల్లాలోని ప్రభుత్వ బోధనాసుపత్రి. వైద్య కళాశాల ఉన్న చోట సైకియాట్రీ విభాగం ఉంటుంది. ఓ.పి. చీటీ కౌంటరు దగ్గర అడిగితే "తెలియదు" అనే జవాబే వస్తుంది. విభాగంలోకే వెళ్లి, నర్సునో, జూనియర్ డాక్టరునో "సోషల్ వర్కర్ గారు ఏ రోజుల్లో కూర్చుంటారు?" అని అడగండి. "ఉన్నారా?" అని అడగవద్దు, లేరు అనడం సులభం. హైదరాబాదు చుట్టుపక్కల జిల్లాలవారికి ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, ఉత్తరాంధ్రవారికి విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఆ పేర్లు చెప్పగానే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు. సినిమాలు చేసిన పని అది. ఒకసారి ఓ.పి.కి వెళ్లి వరుసలో నిలబడిన మనుషులను చూడండి. టీచర్లు, డ్రైవర్లు, కాలేజీ పిల్లలు, పసిబిడ్డను ఎత్తుకున్న బాలింతలు.

రెండవది జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. 1982లో జాతీయ కార్యక్రమం మొదలైంది. 1996 నుండి జిల్లా స్థాయికి వచ్చింది. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కరు, నర్సు ఇందులో ఒక బృందం. ఎవరి పోస్టు నిండి ఉన్నది, ఎవరిది ఖాళీ అన్నది జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయంలో తెలుస్తుంది. మేము ఒక జిల్లాలో అడిగినప్పుడు సోషల్ వర్కరు కుర్చీ ఖాళీగా ఉన్నది. కుర్చీ ఖాళీ అని తెలియడం కూడా సమాచారమే. ఎమ్మెల్యే గారి దగ్గరికి షాదీఖానా కోసం వెళ్లే మనం ఈ ఖాళీ కుర్చీ కోసం కూడా ఒకసారి వెళ్లవచ్చు కదా.

మూడవది ఫోను. 14416. టెలీ-మానస్ అంటారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. డబ్బు కట్టనవసరం లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మొదట శిక్షణ పొందిన కౌన్సిలర్ వింటారు. అవసరమైతే పై నిపుణులకు కలుపుతారు. "మా జిల్లాలో ఎక్కడికి వెళ్లాలి?" అని వారిని అడగండి. ఇంటి గడప దాటడం కష్టమైన మా అక్కచెల్లెళ్లు ఈ అంకెలను బియ్యం డబ్బా మూత లోపల రాసుకున్నా చాలు. అన్నట్టు, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించరాదని 115వ సెక్షన్ చెబుతున్నది. పోలీసు కేసు అవుతుందనే భయంతో విషం మింగిన కోడలిని ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి రెండు గంటలు ఆలస్యం చేసిన ఇల్లు మాకు తెలుసు. ఇంతకంటే దాని గురించి మాట్లాడలేము.

ప్రైవేటులో వెతికేవారు సైకియాట్రిస్టు ఉన్న ఆసుపత్రినే మొదలుగా పెట్టుకోవాలి. ఒంటరిగా గది తెరిచి కూర్చున్నవారి దగ్గరికి వెళితే రెండు సర్టిఫికెట్లు చూపించమనాలి: ఎం.ఎస్.డబ్ల్యు., ఎం.ఫిల్. ఎం.ఫిల్. మీద విశ్వవిద్యాలయం పేరు చదవండి. రాష్ట్ర సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాసుకోండి. ఎన్నిసార్లు రావలసి ఉంటుంది, ఒకసారికి ఎంత, సైకియాట్రిస్టుతో కలిసి పనిచేస్తారా అని ముందే అడగండి. ఏ సైకియాట్రిస్టుతోనూ సంబంధం లేదనేవారిని, మందు ఆపమనేవారిని, "పూర్తిగా నయం చేస్తాను" అని హామీ ఇచ్చేవారిని వదిలి వచ్చేయండి. మా 8,800 రూపాయలు మేము ఇంతకంటే మంచి పాఠానికి ఎప్పుడూ ఖర్చు పెట్టలేదు. కాని ఆ డబ్బు మాది కాదు, ఆ దర్జీది. ఆయనకు మా కమిటీ తరఫున తిరిగి ఇచ్చాము. పెదవిమీది మచ్చ మాత్రం అట్లాగే ఉన్నది.

ముస్లిములమని తక్కువ చూస్తారేమో, బుర్ఖా చూసి నవ్వుతారేమో, మన ఉర్దూ తెలుగు కలగలుపు వారికి అర్థం కాదేమో అన్న సంకోచం మన ఆడవాళ్లలో ఉన్నది. అది ఊరికే పుట్టినది కాదు. చట్టం ఏమంటున్నదో వినండి. 18వ సెక్షన్ ప్రకారం మతం, కులం, లింగం, సంస్కృతి, వర్గం వంటి భేదాలేవీ చూపకుండా మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. 3వ సెక్షన్ ప్రకారం ఒక మత సమూహానికి చెందినందుకు గాని, సమాజంలోని మత విశ్వాసాలకు, కట్టుబాట్లకు అనుగుణంగా లేనందుకు గాని ఎవరినీ మానసిక రోగి అని ముద్ర వేయరాదు. ఈ రెండవది రెండు వైపులా కోస్తుంది. మనల్ని బయటివారు అట్లా ముద్ర వేయరాదు. మన మాట వినని కూతురికి, ఇష్టంలేని పెళ్లికి ఒప్పుకోని పిల్లకు "పిచ్చి" అని మనమూ ముద్ర వేయరాదు. అట్లాంటి పిల్లను మా దగ్గరికి తీసుకువచ్చి "నాలుగు మాటలు చెప్పించండి" అన్నవారు ఉన్నారు. సోషల్ వర్కరు దగ్గరికి తీసుకువెళితే ఆమె మొదట ఆ పిల్ల మాటే వింటుంది, అదీ ఒంటరిగా. అందుకు సిద్ధపడి వెళ్లండి.

చెప్పినది బయటికి పొక్కుతుందనే భయం ఇంకొకటి. 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. మహిళా వర్కరు కావాలంటే అడగవచ్చు. దొరకకపోతే తలుపు తెరిచి, తల్లినో అక్కనో పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడవచ్చు. ఆరోగ్య బీమా ఉన్నవారికి ఒక మాట: దేహపు జబ్బుతో సమానంగా మానసిక జబ్బుకూ బీమా ఇవ్వాలని 21వ సెక్షన్ చెబుతున్నది. ఏజెంటు కాదంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి. రాసి ఇమ్మనగానే చాలామంది ఏజెంట్ల స్వరం మారుతుంది. అది మా ఉద్యోగానుభవం.

ఇంత చెప్పిన తరువాత మీలో కొందరు మా జిల్లాలో ఒక్కరూ లేరు అంటారు. నిజమే కావచ్చు. నిమ్హాన్స్ సంస్థ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. జబ్బును బట్టి 70 నుండి 92 శాతం మంది వైద్యం అందక ఉన్నారు. 12 రాష్ట్రాల్లో చేసిన సర్వే అది. ఆ 12లో మన రెండు రాష్ట్రాలూ లేవు. మన లెక్క మనకు తెలియదు. అందుకే మా కమిటీ చేతనైన పని ఒకటి మొదలుపెట్టాము. దరఖాస్తు రాయడం మాకు వచ్చిన విద్య.

సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ కింద రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ పౌర సమాచార అధికారికి ఒక దరఖాస్తు తయారు చేశాము. మూడు ప్రశ్నలే పెట్టాము. 55వ సెక్షన్ కింద మీరు రిజిస్టరు చేసిన సైకియాట్రిక్ సోషల్ వర్కర్ల జాబితా జిల్లాల వారీగా ఇవ్వండి. ఆ జాబితాను ఎప్పుడు, ఎక్కడ ప్రచురించారో తెలపండి. ఫలానా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, ఖాళీలు ఏ తేదీ నుండి ఖాళీగా ఉన్నాయి? రుసుము 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. తప్పు కార్యాలయానికి పంపినా ఐదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే. జవాబు రాకపోతే మొదటి అప్పీలు. ఆ నమూనా కూడా వెనుక పేజీలో ఉన్నది.

నకళ్లు ద్వారం పక్కన బల్లమీద పెట్టాము. జిల్లా పేరు దగ్గర ఖాళీ వదిలాము. పేరు, చిరునామా రాసి సంతకం పెట్టండి. కళ్లజోడు మరచి వచ్చినవారికి పూరించి పెట్టడానికి మాలో ఇద్దరం మగ్రిబ్ వరకు అక్కడే కూర్చుని ఉంటాము. ఇంటి విషయం చెప్పుకోవాలనుకునేవారు నలుగురిలో చెప్పనవసరం లేదు. కాగితం వెనుక ఫోను నంబరు రాసి మడిచి ఇవ్వండి, మేమే ఫోను చేస్తాము.